అన్నయ్య ప్లేయర్‌కి కొత్త గొంతు

ఫిబ్రవరి 2, సోమవారం

అన్నయ్య డిస్క్ ప్లేయర్‌ని ఇవాళ మా ఇంటికి తెచ్చుకున్నాను. పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని. వదిన అడ్డు చెప్పలేదు. "తీసుకెళ్లు అమ్మడూ. ఇక్కడుంటే మీ అన్నయ్య రోజంతా దానివంకే చూస్తూ కూర్చుంటున్నారు" అంది.

మూత విప్పాను. అంతా చక్కగా ఉంది, వెనకవైపు ఆ రెండంగుళాల మేర తప్ప. రెండు చిప్పులు మాడి బొగ్గయ్యాయి. వాటి కింద రాగి గీత ఒకటి పైకి లేచి జుట్టు పోగులా వేలాడుతోంది. నా చేతిపనే.

"డిస్కు తిరుగుతోంది, నంబర్లు చూపిస్తోంది, పాట మాత్రం రాదేం?" అని వదిన అడిగింది.

"పాట లోపలిదాకా వచ్చింది వదినా. బయటికొచ్చే గుమ్మం కాలిపోయింది."

ఔట్‌పుట్ స్టేజ్ గురించి ఆవిడకి అంతకన్నా ఏం చెప్పను! డిస్కు మీది అంకెలు ఒక చిప్పులో సంకేతంగా మారతాయి. దాన్ని పట్టుకుని, వడకట్టి, కాస్త బలమిచ్చి వెనక సాకెట్లకు అందించేది ఈ చిన్న ముక్క. మంచి ప్లేయరూ మామూలు ప్లేయరూ తేలేది ఇక్కడే. ఎలా కాలిందని ఆవిడ అడగలేదు. తెలుసు కనక.

అన్నయ్య ఆస్పత్రి నుంచి వచ్చి పన్నెండు రోజులయింది. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలో లేదు. ముప్పై ఏళ్లు దర్జీ కత్తెర పట్టిన చెయ్యి. మాటల్లో ఒక్కటే మిగిలింది, "కాదు". నీళ్లు కావాలన్నా కాదే, వద్దన్నా కాదే అని వదిన నవ్వుతూ చెబుతుంది. నేను వెళ్లినప్పుడు అనే "కాదు" మాత్రం వేరు. సూటిగా నా మొహంలోకి చూసి అంటాడు. నాకు తెలుస్తుంది.

మునుపటికన్నా బాగా పలికేలా చేసి ఇస్తాను. అప్పుడైనా ఆయన కోపం పోతుంది.


ఫిబ్రవరి 5, గురువారం

తెప్పించిన చిప్పులు వచ్చాయి. బోర్డు చిల్లుల్లో దిగే కాళ్లవి అడిగితే బియ్యపు గింజంత ఉన్నవి పంపారు, బోర్డు మీద అతికించే రకం. ఆ కొట్టువాడికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "అలాగే మేడమ్" అన్నాడు.


ఫిబ్రవరి 8, ఆదివారం

మా ఎక్స్‌రే బాబాయ్ దగ్గర ఒక పాత చిప్పుల జత దొరికింది. ఎక్స్‌రే మెషీన్లు బాగుచేస్తూ తల నెరిసిన మనిషి. మా ఆస్పత్రి వర్క్‌షాపులో ఆయన బల్ల సొరుగులో లేనిది ఉండదు. లేచిపోయిన రాగి గీత బదులు సన్నని తీగ వేసి సోల్డరింగ్ చేశాను. పాట వచ్చింది!

పొద్దున్నే పట్టుకెళ్లాను. అన్నయ్య గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో తన కుర్చీలో ఉన్నాడు. ఎప్పుడూ వినే వయొలిన్ డిస్కు పెట్టాను. ఒంటరి వయొలిన్, పక్కవాద్యాలు ఉండవు. అట్ట ఏనాడో పోయింది.

రెండు నిమిషాలు. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. రెండు నిమిషాలకి "కాదు" అని, చేతికర్ర అందుకుని లోపలికి వెళ్లిపోయాడు.

వదిన వెనకే వెళ్లి వచ్చింది. "అలిసిపోయినట్టున్నారు" అంది.

అలసట కాదు. ఆయన చెవి సంగతి నాకు తెలియదా? మొదటి స్వరానికే చెప్పగలడు, "ఇదేంటి, వయొలిన్ ఇస్త్రీ చెయ్యని గుడ్డలా ఉంది" అని. నేత కనిపించాలి అంటాడు. పోగు పోగూ విడిగా కనిపించాలి. పాత చిప్పులతో ఎక్కడ కనిపిస్తుంది?


ఫిబ్రవరి 9, సోమవారం

భోజనాల వేళ బాబాయ్‌కి బోర్డు ఫొటో చూపించాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూశాడు.

"మొదట కాలింది ఎందుకో తెలిసిందా?"

"చిప్పు చెడ్డది అయ్యుంటుంది."

"చిప్పు మంచిదే. మరీ మంచిది. అంత వేగం ఉన్నదాన్ని తెచ్చి ఊరికే పెట్టేస్తే, దానికదే ఊగిపోయి వేడెక్కి చస్తుంది. కరెంటు కాళ్ల పక్కనే చిన్న కెపాసిటర్లు పెట్టాలి. ఈ సంగతి నీకు తెలీదూ? రోజూ పేషెంట్ మానిటర్లు విప్పుతావు!"

తెలుసు. ఆ రోజు తొందరలో ఉన్నాను. అన్నయ్య కొట్టు నుంచి వచ్చేలోపు ముగించాలని.


ఫిబ్రవరి 15, ఆదివారం

కొత్త చిప్పులు, ఈసారి సరైనవి. కాళ్లకి ఆనుకునే కెపాసిటర్లు. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా, బుద్ధిగా ఉన్నాయి.

నాలుగు నిమిషాలు కూర్చున్నాడు. తర్వాత "కాదు, కాదు" అని ఎడమచేత్తో గాల్లో ఏదో తుడిపేసినట్టు ఊపాడు.

ఇంటికొచ్చాక ఇంకో చెయ్యి ఊపుడు గుర్తొచ్చింది. దాని గురించి రాయను.


ఫిబ్రవరి 16, సోమవారం

పోయిన వారం రెండు. ఈ వారం నాలుగు.


ఫిబ్రవరి 19, గురువారం

చివర్లో ఉండే కెపాసిటర్లదే తప్పు. పదేళ్ల నాటివి, లోపల ఎండిపోయి ఉంటాయి. మంచి ఫిల్మ్ కెపాసిటర్లు తెచ్చాను. ఒక్కొక్కటీ నా బొటనవేలంత. బోర్డు మీద పట్టక, పక్కకి పడుకోబెట్టి జిగురుతో అంటించాను. మూత పడటం లేదు. మూత ఎవరిక్కావాలి?

సాకెట్ల దగ్గర శబ్దాన్ని నొక్కిపెట్టే రెండు ట్రాన్సిస్టర్లని కూడా పీకేశాను. పాట దారిలో అడ్డు నిలబడటం తప్ప వాటి వల్ల ఒరిగేదేమిటి?


ఫిబ్రవరి 22, ఆదివారం

ఏం ఒరుగుతుందో తెలిసింది.

స్విచ్ వెయ్యగానే స్పీకర్లలోంచి ఫిరంగి పేలినట్టు "ధన్" మంది. అన్నయ్య కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. చేతిలో గ్లాసు జారి నేలమీద ముక్కలయింది. ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని, నోరు తెరిచి నావంక చూశాడు. ఆ ఒక్క మాట కూడా రాలేదు.

వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఇరవై రెండేళ్లలో నా మీద గొంతు పెంచడం ఇదే మొదలు.

"ఇంక చాలు అమ్మడూ! ఈ ఇంట్లో ఇంకేమీ పేలకూడదు. ఆయన ఉన్న స్థితేంటి, నువ్వు చేస్తున్నదేంటి?"

"అన్నయ్య కోసమే కదా చేస్తున్నాను."

"ఆయన అడిగారా?"

"అడగడానికి మాటుంటే కదా వదినా!"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. వదిన కిందకి వంగి గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టింది. నేనూ వంగబోతే "కోసుకుంటుంది, ఉండు" అంది. అన్నయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ప్లేయర్‌ని దుప్పట్లో చుట్టుకుని వచ్చేశాను.


ఫిబ్రవరి 24, మంగళవారం

రాయకపోతే తలలోంచి పోయేలా లేదు.

జనవరిలో ఆ ఆదివారం, అన్నయ్యా వదినా కొట్లో ఉండగా, నా దగ్గరున్న తాళంతో లోపలికి వెళ్లాను. సాయంత్రం అన్నయ్య వచ్చి డిస్కు పెట్టేసరికి "ఇదేంటే, కొత్త ప్లేయరా?" అనాలి. అనుకున్నది అదీ. చిప్పులు మార్చి స్విచ్ వేశాను. ఐదు నిమిషాలు అద్భుతంగా పాడి, పొగ వచ్చింది.

గుమ్మంలోనే వాసన పట్టాడు.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"ఇంకా బాగుంటుందని..."

"నా చెవికి బాగానే ఉంది కదా! అందరి వస్తువులూ బాగుచెయ్యాలన్న జబ్బు నీకు. ఇంక నా జోలికి రాకు." అని, పో అన్నట్టు చెయ్యి ఊపాడు.

వచ్చేశాను. మంకుపట్టు పట్టి మూడు రోజులు ఫోను కూడా చెయ్యలేదు. గురువారం మధ్యాహ్నం కటింగ్ బల్ల మీదికి ఒరిగిపోయాడని వదిన ఫోను చేసింది.

కోపం వల్ల పక్షవాతం రాదని మా ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లని అడిగాను. రాదన్నారు. మూడో డాక్టర్‌ని కూడా అడిగాను.


మార్చి 1, ఆదివారం

తొమ్మిది నిమిషాలు!

స్విచ్ వేసిన ఐదు సెకన్ల తర్వాత గానీ పాటని బయటికి వదలకుండా ఒక రిలే పెట్టాను. పేలుడు లేదు, "టిక్" మని చిన్న చప్పుడంతే. వదినకి ముందే చెప్పి, ఆవిడ పక్కన నిలబడ్డాకే వేశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

అన్నయ్య కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. మునుపు కూడా మంచి ఘట్టం వస్తే కళ్లు మూసుకునేవాడు. నుదుటి మీద చెమట పట్టింది. గదిలో ఉక్కగా ఉంది, కిటికీ తెరవమని వదినకి చెప్పాలి. తొమ్మిదో నిమిషంలో చెయ్యెత్తాడు. నేనే ఆపేశాను. కళ్లు తెరిచి నావంక చూసి, తల కాస్త ఊపాడు. ఊపాడు, నేను చూశాను.

"బాగుందా అన్నయ్యా?"

"కాదు" అన్నాడు మెల్లగా.

ఇంకా ఏదో లోటుంది. కరెంటు సరఫరాలో ఉండాలి. ఔట్‌పుట్ స్టేజ్‌కి విడిగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఇరవై నిమిషాలు ఎక్కడికీ పోవు.


మార్చి 5, గురువారం

కొట్లో పెళ్లి బట్టల గిరాకీ వల్ల వదినకి తీరక, అన్నయ్యని మాటలు నేర్పే క్లినిక్‌కి నేను తీసుకెళ్లాను. అక్కడ నేర్పే ఆవిడని వదిన మాటల టీచరమ్మ అంటుంది. నాకన్నా చిన్నది, గట్టిగా, నిదానంగా మాట్లాడుతుంది. అన్నయ్య ముందు బొమ్మల అట్టలు పరిచింది. గ్లాసు, గొడుగు, కుక్క. అన్నీ సరిగ్గానే చూపించాడు. కుళాయి చప్పుడు, డోర్‌బెల్, ఫోను మోత వినిపిస్తే వాటి బొమ్మలూ చూపించాడు.

"ఆయనకి బాగా ఇష్టమైన పని ఏంటండీ?" అని నన్నడిగింది.

"సంగీతం. పొద్దస్తమానం వినేవాడు. ఇప్పుడు వినడం లేదు. నేను ప్లేయర్ బాగుచేస్తున్నాను, ఇంకా కుదరలేదు."

ఆవిడ చేతిలో పెన్ను ఆగింది. "వినడం లేదా? పెడితే ఏం చేస్తారు?"

"లేచి వెళ్లిపోతాడు. 'కాదు' అంటాడు. మొన్న మాత్రం తొమ్మిది నిమిషాలు కూర్చున్నాడు."

ఆవిడ సొరుగులోంచి పిల్లలు ఆడుకునే కీబోర్డు లాంటిది తీసింది. నాలుగైదు స్వరాల చిన్న వరస వాయించి, మళ్లీ వాయించింది. రెండూ ఒకటేనా, వేరువేరా? ఒకటే అయితే పచ్చ అట్ట, వేరైతే ఎర్ర అట్ట చూపించాలి. పన్నెండుసార్లు అలా చేసింది. ఎక్కడో దూరంగా గాలికి కొట్టుకొచ్చిన పాట ముక్కని కూడా పట్టి చెప్పగల మా అన్నయ్య ఏడు తప్పు చెప్పాడు. సరిగ్గా చెప్పిన ఐదూ గుడ్డిగా చెప్పినవేనని నాకే అర్థమయింది. చివరిసారి ఆవిడ ఒక్క స్వరం కాదు, వరస మొత్తం మార్చేసింది. ఆయన పచ్చ అట్ట మీద వేలు పెట్టి, నావైపు తిరిగాడు. బడిలో లెక్క రాని పిల్లాడి మొహం అది.

"మీకు ఇది ఎలా వినిపిస్తోందండీ? చూపించగలరా?" అంది ఆవిడ.

అన్నయ్య బల్ల మీదున్న స్టీలు సీసా తీసుకున్నాడు. దాన్ని తలకిందులు చేసి, ఇనప బల్ల అంచు మీద పెట్టి బలంగా గీరాడు. ఒళ్లు జలదరించింది. మళ్లీ గీరాడు. మళ్లీ. ఆవిడ మెల్లగా ఆయన చెయ్యి పట్టుకుంది. ఏడుస్తున్నాడు.

"కొందరికి ఇలా అవుతుంది" అంది ఆవిడ. "చెవులు బాగానే ఉంటాయి. మాటలు వినిపిస్తాయి, చప్పుళ్లు తెలుస్తాయి. మెదడులో రాగాన్ని రాగంగా పోల్చుకునే చోటు దెబ్బతింటే మాత్రం పాట ఉత్త రొద అయిపోతుంది. మళ్లీ వస్తుందా అంటే, కొందరికి వస్తుంది. నేను మాటివ్వలేను."

"మరి 'కాదు' అన్నది..."

"వచ్చే మాట అదొక్కటే కదండీ. మీరు మొహం చూసి పోల్చుకోవాలి."

మొహమే చూశాను ఇన్నాళ్లూ. అందులో నాకు కావలసింది చూసుకున్నాను.


మార్చి 6, శుక్రవారం

తొమ్మిది నిమిషాల పాటు బల్ల మీద స్టీలు సీసా.


మార్చి 8, ఆదివారం

స్క్రూడ్రైవర్ల సంచి లేకుండా వెళ్లాను. వదిన కుట్టుమిషన్ దగ్గర కూర్చుని జేబులు కుడుతోంది. క్లినిక్ సంగతి గురువారమే ఫోనులో చెప్పాను. మిషన్ ఆపకుండానే అంది:

"నాకు అనుమానంగానే ఉండేది. రేడియోలో పాటొస్తే చెవులు మూసుకునేవారు. వార్తలొస్తే చేతులు తీసేసేవారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వినే మనిషివా నువ్వు? చెప్పబోతే కెపాసిటర్ అన్నావు." మిషన్ ఆపింది. "పైగా ఆయనే చెప్పనివ్వలేదు. నువ్వొచ్చే పూట ప్లేయర్ సంగతి ఎత్తితే నా చెయ్యి పట్టుకుని ఆపేవారు. ఆదివారం తెల్లారగానే గడ్డం గీయమని చెంప తట్టుకుని చూపిస్తారు. నువ్వొస్తావని."

"అంత నరకం పడుతూ ఎందుకు కూర్చున్నాడు మరి?"

"మొదటివారం లేచి వెళ్లిపోయాక నీ మొహం చూశారు కదా. నువ్వు వెళ్లాక కిటికీ దగ్గరే నిలబడ్డారు."

కోపం వచ్చింది, నిజంగా కోపమే. ఆయన మీద, వదిన మీద, ఆ చిప్పుల మీద. ఒక్కరైనా నా చేతిలోంచి సోల్డరింగ్ గన్ లాక్కుని ఉండవచ్చు కదా! ఆయన కోపం తగ్గించాలని నేను తిప్పలు పడ్డాను. ఆయనకసలు కోపమే లేదు. నన్ను బాధ పెట్టకూడదని ఆయన తిప్పలు పడ్డాడు. మధ్యలో వదిన. ముగ్గురం కలిసి నాలుగు ఆదివారాలు పాడుచేసుకున్నాం.

ముందుగదిలోకి వెళ్లి, పోయిన ఆదివారం అక్కడే వదిలేసిన ప్లేయర్ తీగలు ఊడబీకడం మొదలుపెట్టాను. "తీసుకుపోతాను అన్నయ్యా. ఇది నీ కళ్లముందు వద్దు."

లేచి వచ్చాడు. చేతికర్ర లేకుండా, గోడ పట్టుకుని. ఎడమచెయ్యి ప్లేయర్ మీద బోర్లించి, మొత్తం బరువు వేసి నొక్కిపెట్టాడు.

"కాదు. కాదు. కాదు."

ఈసారి మొహం చూశాను. ఇది నిజమైన కాదు. తీగలు మళ్లీ పెట్టేశాను. తర్వాత ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, చిన్నప్పటిలా మొట్టాడు. గట్టిగానే. నొప్పి పుట్టింది.


మార్చి 11, బుధవారం

వర్క్‌షాపులో బాబాయ్ అడిగాడు, "ట్రాన్స్‌ఫార్మర్ పెట్టావా?" అని. లేదన్నాను. "పెట్టకపోతే పోనీ, ఇప్పటికి ఎలా ఉంది?" అన్నాడు. నేను కట్టిన ఔట్‌పుట్ స్టేజ్ ఎలా పలుకుతోందో నాకు తెలియదు. ఎంతసేపు పలికిందో తెలుసు.


మార్చి 15, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను వెళ్లేసరికి ప్లేయర్ మీద కొత్త మూత. పాత మూత పట్టదు కదా, కొట్టులోని మందపాటి కాన్వాసు గుడ్డతో, ఆ కెపాసిటర్ల ఎత్తుకి సరిపడా కుట్టారు. వేడి పోవడానికి పక్కన చిల్లులు, వాటి చుట్టూ కాజా కుట్టు. గీతలు అన్నయ్య ఎడమచేత్తో గీశాడట, వంకరటింకరగా. వదిన ఆ వంకరల మీదే కత్తిరించింది. "సరిచెయ్యబోతే చెయ్యి తోసేశారు" అంది.

టీ తాగాక వదిన కప్పులు తియ్యబోతుంటే అన్నయ్య ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. లాక్కెళ్లి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇన్నేళ్లుగా ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. ఆ ప్లేయర్ బటన్ ఇంకెవరూ నొక్కలేదు. సంగీతం వింటున్నంతసేపూ వదిన వంటింట్లోనో మిషన్ దగ్గరో ఉండేది, చప్పుడు చెయ్యకుండా.

"నాకేం తెలుసండీ ఇవన్నీ? అమ్మడు వింటుంది" అంటూ లేవబోయింది. భుజం నొక్కి కూర్చోబెట్టాడు. వయొలిన్ డిస్కు తనే తీసి, కాస్త తంటాలు పడి పెట్టాడు. నేను సాయానికి వెళ్లలేదు. వెళ్లకుండా ఉండటానికి రెండు చేతులూ ఒళ్లో ముడుచుకున్నాను.

"వద్దు అన్నయ్యా, నీకు..." అన్నాను. ఆయన జేబులోంచి దూది తీసి చెవుల్లో కుక్కుకుని, నావంక చూసి కన్నుగొట్టాడు. తర్వాత కుర్చీకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"టిక్" మంది రిలే.

వదిన మొదట చీర కుచ్చెళ్లు సర్దుకుంది. తర్వాత చేతులు ఆగిపోయాయి.

"ఎవరో ఊపిరి పీల్చుకున్నారు" అంది.

"ఎక్కడ?" అన్నాను.

"అందులోనే. మొదలుపెట్టే ముందు. ఇక్కడే మన పక్కన నిలబడి పీల్చుకున్నట్టు!"

ఇన్ని వారాల్లో నేనది వినలేదు. గడియారం చూస్తూ ఉన్నాను.

అన్నయ్య ముందుకి వంగి, ఆవిడ మోకాలు తట్టాడు. చెప్పు అన్నట్టు. వదినకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుపడింది. తర్వాత, దూదిలోంచి వినిపించేలా గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు పైకి పోతోందండీ... ఇంకా పైకి... ఆగింది. ఆ, మళ్లీ దిగుతోంది. మీరు నిలువు కత్తిరింపు ఒకే ఊపున పోనిస్తారే, ఎక్కడా ఆగకుండా, అలా. అదిగో, ఇప్పుడు రెండు గొంతులు. ఒక్కడే వాయిస్తున్నాడా? రెండు పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయి!"

అన్నయ్య ఆవిడ మొహం మీదినుంచి చూపు తిప్పలేదు. అందులో పాట ఎక్కడికి పోతే అక్కడికి ఆయన కనుబొమలూ పోయాయి. నేను ఎన్ని నిమిషాలో చూడలేదు. డిస్కు ఆగాక వదిన కళ్లు తుడుచుకుని, ఇన్నేళ్లూ ఆయన ఒక్కరే దాచుకున్నారని దెబ్బలాడింది. ఆయన తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు.

"సరే, మళ్లీ మొదటినుంచి పెట్టండి" అంది వదిన, కుర్చీలో వెనక్కి సర్దుకుని. "ఆ ఊపిరి దగ్గర మాట్లాడేశాను, సరిగ్గా వినలేదు. అమ్మడూ, నువ్వూ ఇలా దగ్గరికి రా."

అన్నయ్య బటన్ నొక్కాడు. నేను వెళ్లి కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాను.